దండాలకు ఆగిన జీపు

ప్రకాశం జిల్లా కొత్తగా ఏర్పడిన రోజులవి. మా తాతగారి వైభవంలో నాకు మిగిలినవి ఒక పాత జీపు, ఒక నియమం. దారిలో ఎవరు దండం పెట్టినా బండి ఆపి క్షేమం అడగాలి.

"నీ జీపు కన్నా ఎద్దులబండి నయం బావా" అన్నాడు మార్కాపురంలో దుకాణం నడిపే మా బావమరిది. నాకు పౌరుషం వచ్చింది. ముప్ఫై కిలోమీటర్ల దూరంలోని కంభం పోయి వస్తానని, రానుపోను సరాసరి వేగం గంటకు నలభై ఉంటుందని పందెం కాశాను. ఓడితే మర్నాడు బంధువుల పెళ్లికి అతని స్కూటర్ వెనక కూర్చుని వెళ్లాలి.

పోయేటప్పుడు దారి పొడవునా దండాలే. కంభం చేరేసరికి వేగం సరాసరి ఇరవై పడింది. తిరిగి అరవైతో వస్తే, రెండూ కలిపి సగం చేస్తే నలభై కదా అనుకున్నాను. ఏ దండమూ కంటపడకుండా రోడ్డునే చూస్తూ, తలపాగా ఎగిరిపోయినా ఆగకుండా వచ్చి, గర్వంగా లెక్క చెప్పాను.

"పోను గంటన్నర, రాను అరగంట. రెండు గంటల్లో అరవై కిలోమీటర్లు. సరాసరి ముప్ఫయ్యే బావా!"

"మరి ఎంత వేగంతో రావాల్సింది?"

"నలభై పడాలంటే గంటన్నరలో పోయి రావాల. అదంతా పోయేదానికే అయిపాయె. కంభంలో మాయమై ఇక్కడ తేలింటే గెలిచేటోడివి!"

మర్నాడు మాట ప్రకారం స్కూటర్ వెనక నిటారుగా కూర్చున్నాను. దండం పెట్టిన ప్రతిచోటా అతని భుజం తట్టి ఆపించాను. మేం చేరేసరికి పందిట్లో విస్తళ్లు ఎత్తేస్తున్నారు.

"సరాసరి ఎంత పడింది?" అన్నాను.

లెక్కల మనిషి మిగిలిన విస్తరి కోసం వంటశాల వైపు పరుగెత్తాడు. పందెం ఓడినా నియమం ఓడలేదని నాకు ఈనాటికీ తృప్తి.