ఆగమని చెప్పిన వెర్లా నెప్

వెర్లా నెప్ కుర్రాళ్ల ఆట చూసేది కానీ వాళ్లతో మాట్లాడేది కాదు. ఇరవై రెండేళ్లు ఆ నియమం తప్పలేదు. తప్పిన ఒక్కసారీ నేను పక్కనే ఉన్నాను.

మేమిద్దరం హాబ్సన్ వృద్ధాశ్రమంలో పనిచేసేవాళ్లం. ఆవిడ వంటగదిలో, నేను నర్సుగా. మధ్యాహ్నం మూడింటికి ఏప్రన్ విప్పి కొక్కేనికి తగిలించి, చేతులకున్న ఉల్లిపాయ వాసన నిమ్మకాయతో రుద్దుకుని, కారెక్కేది. చలికాలంలో మంగళవారం, శుక్రవారం ఏ ఊరి హైస్కూల్లో బాస్కెట్‌బాల్ ఆట ఉంటే ఆ ఊరికి. పెళ్లయిన ఆరేళ్లకు మొగుడు ఆవిణ్ణి వదిలేసి ఎవెన్స్‌విల్ పోయాడు. "ఇంట్లో ఉంటే గోడలు చూడాలి. స్కూలు జిమ్ హాల్లో అయితే పిల్లల్ని చూడొచ్చు," అనేది. నేను అమెరికాలోని ఈ దక్షిణ ఇండియానాకు వచ్చి పంతొమ్మిదేళ్లయింది. అందులో పద్నాలుగు చలికాలాలు ఆవిడ పక్కన చెక్క బల్లల మీదే గడిచాయి.

ఆవిడ ప్రాణమంతా కార్వర్ స్టేట్ కాలేజీ టీమ్ మీద. దేశమంతా పనులు మానుకుని చూసే మార్చి టోర్నమెంటుకు ఆ టీమ్ వెళ్లి అప్పటికి ఇరవై తొమ్మిదేళ్లు. ఆడుతున్న టీమ్ మీద ఆశ పోయినవాళ్లకు మిగిలేది రాబోయే టీమే కదా. వచ్చే ఏడు కోచ్ ఏ హైస్కూలు కుర్రాణ్ణి తీసుకుంటాడు, వాడు నిజంగా వస్తాడా, మరో కాలేజీ ఎగరేసుకుపోతుందా, వెర్లాకు ఏడాది పొడవునా ఇదే ధ్యాస. కార్వర్ అభిమానులు రాసుకునే ఇంటర్నెట్ సైటు ఒకటుంది. అందులో 'మూడో వరస' అనే పేరుతో రాసేది. ఎన్ని పాయింట్లు కొట్టారన్నది అందరూ రాస్తారు. ఆవిడ రాసేది వేరు. 'బంతి పోగొట్టుకున్నాక ఈ కుర్రాడు రిఫరీ వంక చూడలేదు, వెనక్కి పరిగెత్తాడు.' 'అలసిపోతే ఇతగాడు పాస్ ఇవ్వడం మానేస్తాడు, జాగ్రత్త.' నాలుగైదు వందల మంది ఆ రాతల కోసం ఎదురుచూసేవాళ్లు. వాళ్లలో ఒక్కరికీ ఆవిడ వంటమనిషని తెలియదు.

అభిమానులు తమ కాలేజీకి రమ్మని కుర్రాళ్ల చెవిలో ఊదకూడదని కాలేజీల నియమం. ఆవిడ నియమం ఇంకా గట్టిది. ఎదురుపడితే పలకరింపు కూడా ఉండదు. "పదహారేళ్ల పిల్లలు, సుగుణా. ఇప్పటికే చుట్టూ వెయ్యి నోళ్లు. నాది కూడా ఎందుకు?" అనేది.

అలాంటి మనిషికి ఎమెట్ రస్క్ కనిపించాడు.

పక్క ఊరు పైన్‌హుక్ వాడు. తొమ్మిదో తరగతిలోనే ఆరున్నర అడుగులు, చేతులు ఇంకా పొడుగు. తల్లి లోరీన్ టర్కీ కోళ్ల ఫ్యాక్టరీలో పని చేసేది, తండ్రి లేడు. ఎమెట్ ఆట మొదటిసారి చూసిన రోజు వెర్లా కారు తాళం చేతిలో పట్టుకుని, కారు ఎక్కకుండా చలిలో నిలబడిపోయింది. "వీడు మనవాడు," అంది. అంతే. ఆ తర్వాత నాలుగేళ్లు వాడి మీద రాసినంత ఆవిడ ఎవరి మీదా రాయలేదు.

వాడు హైస్కూలు ఆఖరి సంవత్సరానికి వచ్చేసరికి ఒహాయోలోని డెన్బీ అనే చిన్న కాలేజీ పూర్తి స్కాలర్‌షిప్ ఇస్తానంది. కార్వర్ స్టేట్ మాత్రం నచ్చావు, వసంతం దాకా ఆగు అంది. మాట ఇవ్వలేదు, కాదనలేదు.

ఫిబ్రవరిలో ఒక మంగళవారం మేము పైన్‌హుక్ ఆటకు వెళ్తున్నాం. కార్లో వెర్లా మామూలుగా వాగేది. ఆ రోజు మాట లేదు. చివరికి అంది, "డాయిల్ ఫోన్ చేశాడు." డాయిల్ ఆ సైటు నడిపేవాడు, కాలేజీ ఆఫీసులో అతనికి మనుషులున్నారు.

"ఏమంటాడు?"

"కోచ్ ఈ ఏడు హైస్కూలు పిల్లల్ని తీసుకోడట. వేరే కాలేజీల్లో మూడు నాలుగేళ్లు ఆడి ఆరితేరినవాళ్లను తన టీమ్‌లోకి మార్పించుకుంటాడట. ఇప్పుడందరూ అదే చేస్తున్నారట."

"మరి ఎమెట్?"

"డాయిల్ చెప్పినవన్నీ నిజమవుతాయా ఏంటి?" అని రేడియో పెట్టింది.

ఆ రోజు ఎమెట్ టీమ్ గెలిచింది. జనం కోట్లు తొడుక్కుని బయటికి పోతున్నారు. పాప్‌కార్న్ అమ్మే కౌంటరు దగ్గర మేము నిలబడి ఉండగా వాడే వచ్చాడు. తడి జుట్టు, భుజాన సంచీ.

"మేడమ్, మూడో వరస మీరే కదా?"

వెర్లా మొహం తెల్లబోయింది. "ఎవరు చెప్పారు నీకు?"

"ఎవరూ చెప్పలేదండీ. మా ప్రతి ఆటకీ మూడో వరసలో కూర్చుని చిన్న పుస్తకంలో రాసుకునేది మీరొక్కరే. మీరు రాసినవన్నీ మా అమ్మ కాగితం మీద తీయించి ఫ్రిజ్‌కి అంటించింది. నా ఎడమ చెయ్యి దండగ అని రాశారు చూడండి, అది కూడా."

"దండగ అనలేదు. బద్ధకం అన్నాను."

వాడు నవ్వాడు. తర్వాత నవ్వు మానేసి గొంతు తగ్గించాడు. "డెన్బీ వాళ్లకి శుక్రవారంలోగా చెప్పాలండీ. లేకపోతే ఇంకొకరికి ఇచ్చేస్తారట. కార్వర్ వాళ్లేమో ఆగమంటున్నారు. మా కోచ్ డెన్బీకి పొమ్మంటున్నాడు. అమ్మ, నీ ఇష్టంరా అంటోంది. కార్వర్ సంగతి మీకు తెలిసినట్టు ఎవరికీ తెలియదు. మీరైతే ఏం చేస్తారు?"

నేను వెర్లా వైపు చూశాను. 'నన్నడక్కు బాబూ' అంటే సరిపోయేది. కారులో విన్నది విన్నట్టు చెప్పినా సరిపోయేది. ఆవిడ కళ్లు వాడి మీద లేవు, వాడి వెనక ఎక్కడో కార్వర్ చొక్కా వేసుకుని వాడు పరిగెత్తడం చూస్తున్నాయి.

"ఆగు," అంది. "నిన్నెలా వదులుకుంటారు వాళ్లు? నువ్వు కార్వర్‌ కోసమే పుట్టావు."

వాడి మొహం విప్పారింది. ఆవిడ చేతిని రెండు చేతులతో పట్టుకుని ఊపి వెళ్లిపోయాడు. నేనూ నోరు విప్పలేదు. వెనక్కి పిలవడానికి నాకూ గొంతు ఉంది.

శుక్రవారం వాడు డెన్బీకి కాదని చెప్పాడు.

ఏప్రిల్లో కార్వర్ కోచ్ ఇరవై మూడేళ్ల ఆటగాణ్ణి తెచ్చుకున్నాడు. అతనికి అది మూడో కాలేజీ. ఎమెట్‌కు ఫోన్ కూడా రాలేదు, సెల్లులో రెండు వాక్యాలు వచ్చాయి. డెన్బీలో ఆ చోటు అప్పటికే నిండిపోయింది. స్కాలర్‌షిప్ లేని చదువు ఆ ఇంట్లో మాటల్లోకి కూడా రాదు. రెండేళ్ల కాలేజీ ఒకటి పిలిస్తే వాడు పోనన్నాడు. ఇక బంతి ముట్టుకోనన్నాడు.

వెర్లా చేయగలిగినవన్నీ చేసింది. ముప్పై ఒక్కమంది కోచ్‌లకు ఉత్తరాలు రాసింది. ఇద్దరు జవాబిచ్చారు, ఇద్దరూ లేదనే. మే నెలలో నన్ను వెంటబెట్టుకుని నాలుగు గంటలు కారు నడిపి డెన్బీ వెళ్లింది. అక్కడి కోచ్ మర్యాదస్తుడు. కూర్చోబెట్టాడు, కాఫీ ఇచ్చాడు, మొత్తం విన్నాడు.

"మంచి కుర్రాడేనమ్మా. మేమూ బాధపడ్డాం. ఇంతకీ మీరు అతనికి ఏమవుతారు?"

వెర్లా కప్పు బల్ల మీద పెట్టింది. "ఏమీ కాను," అంది.

తిరిగి వస్తూ పైన్‌హుక్ మలుపు దగ్గర కారు ఊళ్లోకి తిప్పింది. లోరీన్ ఇంటి ముందు వరండా మెట్ల మీద బూట్లు విప్పుకుంటోంది. వెర్లా గేటు దాటకుండానే చెప్పేసింది. ఎమెట్ అడిగేటప్పటికే, కార్వర్ కోచ్ హైస్కూలు పిల్లల్ని తీసుకోడన్న మాట తనకు తెలుసనీ, తెలిసే ఆగమన్నాననీ.

లోరీన్ అరవలేదు. అరిచి ఉంటే బాగుండేదని తర్వాత వెర్లా చాలాసార్లు అంది.

"తెలిసి ఎందుకు చెప్పలేదు?"

"వాడు మా వాడు కావాలనుకున్నాను."

"మీ వాడా," అంది లోరీన్. బూటు లేసు చేతికి చుట్టుకుంది. "వాడు నా వాడు, మేడమ్. రేపు పొద్దున ఆరింటికి ఫ్యాక్టరీలో నా పక్కనే కోళ్లు కొక్కేలకు వేలాడదీయడానికి వస్తున్నాడు. వాడి గురించి ఇంకెప్పుడూ ఏమీ రాయకండి. మంచిగా కూడా రాయకండి."

తలుపు వేసుకుంది.

అదే ఆఖరు. వెర్లా సైటులో మళ్లీ రాయలేదు. 'మూడో వరసకు ఒంట్లో బాగాలేదా?' అని కొన్నాళ్లు అడిగారు, తర్వాత మర్చిపోయారు. డాయిల్ రెండుసార్లు ఫోన్ చేశాడు. ఆవిడ తీయలేదు. ఆ చలికాలం మంగళవారాలు, శుక్రవారాలు ఇంట్లోనే ఉంది. నేను రమ్మంటే, "ఏ పిల్లాణ్ణి చూసినా భయమేస్తోంది. వాడు బాగా ఆడితే మరీ," అనేది.

ఇక ఆ దేవుడి ఎగతాళి చూడండి. ఆ మార్చిలోనే కార్వర్ స్టేట్ టోర్నమెంటుకు వెళ్లింది. ముప్పై ఏళ్ల తర్వాత. ఆ ఇరవై మూడేళ్లవాడే నడిపించాడు. మొదటి ఆట గురువారం మధ్యాహ్నం, వృద్ధాశ్రమం హాల్లోని పెద్ద టీవీలో పెట్టారు. చక్రాల కుర్చీల్లోని ముసలివాళ్లు కూడా కార్వర్ టోపీలు పెట్టుకున్నారు. చివరి నాలుగు సెకన్లలో అతను బంతి వేశాడు. వల కదిలింది. హాలంతా కేకలు. తొంభై ఒక్కేళ్ల మిస్టర్ గ్రాబర్ ఏడ్చేశాడు. "వెర్లా! చూశావా వెర్లా!" అని పిలిచాడు.

ఆవిడ వంటగది గుమ్మంలో నిలబడి ఉంది. జీవితమంతా దీని కోసమే ఎదురుచూసింది. మొహంలో ఏమీ లేదు.

"చక్కగా ఆడాడు," అంది నాతో. "ఆ కుర్రాడి తప్పేముంది?"

లోపలికి వెళ్లి రాత్రి వంటకు బంగాళాదుంపలు చెక్కు తీయడం మొదలుపెట్టింది. నేనూ వెళ్లి ఎదురుగా ఒక కత్తి తీసుకున్నాను. హాల్లో ఆ బంతినే మళ్లీ మళ్లీ చూపిస్తున్నారు, ప్రతిసారీ జనం మళ్లీ అరుస్తున్నారు. ఆవిడ చెయ్యి ఆగలేదు. అరవై మందికి చాలిన గిన్నె నిండినా ఇంకా చెక్కుతూనే ఉంది.