నా కుర్చీ లేని ఆఫీసు

మా కంపెనీ అజీజ్‌నగర్‌లో ఒక ఫామ్‌హౌస్‌ను కిరాయికి తీసుకుని చిన్న ఆఫీసు పెడుతోందని తెలిసిన రోజు, ఇంట్లో అందరికన్నా ముందు నిద్రపోతున్న మా పాపకు చెప్పాను. దానికి నాలుగేళ్లు. ముడిమ్యాలలో నేను బస్సెక్కే వేళకు నిద్రలేవదు, సిటీ నుంచి తిరిగొచ్చేసరికి పడుకుని ఉంటుంది. ఆదివారం చర్చిలో ఒళ్లో కూర్చోబెట్టుకుంటే కొత్తవాణ్ణి చూసినట్టు చూసి వాళ్లమ్మ దగ్గరికి పోయేది. అజీజ్‌నగర్‌లో పనైతే ఏడింటికల్లా ఇంట్లో ఉంటాను. నాకు కావలసిందల్లా అంతే.

మేనేజర్ కూడా మాటిచ్చాడు. "సర్వర్ నువ్వే పెట్టు, తర్వాత అక్కడ నువ్వే కూర్చో" అన్నాడు. కాగితం మీద రాసిమ్మని అడగలేదు. అడగాలని తోచలేదంటే అబద్ధం. అడిగితే ఎక్కడ చెడ్డవాణ్ణవుతానోనని భయపడ్డాను.

సామాన్ల గది ఖాళీ చేయించి, ఆఫీసు కంప్యూటర్లన్నీ ఆధారపడే ఆ సర్వర్‌ను అందులో పెట్టాను. గోడలకు నేనే డ్రిల్లు పట్టి కేబుళ్లు లాగాను. ఏసీ బిగించే మనిషి రెండు రోజులు రాకపోతే మొయినాబాద్ వెళ్లి వెంటబెట్టుకొచ్చాను. సొంతిల్లు కట్టుకునేటప్పుడు కూడా అంత దగ్గరుండి చూడలేదు. నా కుర్చీ ఎక్కడ వేసుకోవాలో కూడా అనుకున్నాను, కిటికీ పక్కన.

మొదటి మూడు రోజులూ సాయంత్రం ఆరున్నరకు సర్వర్ ఆగిపోయింది. సిటీ ఆఫీసు నుంచి నాకు చివాట్లు. సెట్టింగులన్నీ తిరగేశాను, బ్యాటరీ మార్పించాను. నాలుగో రోజు ఆఫీసువాళ్లతో పాటు బయటికొచ్చి, గేటు దగ్గరే నిలబడి చూశాను. అందరూ వెళ్లగానే వాచ్‌మన్ వచ్చి మెయిన్ స్విచ్ దించేశాడు. ఆ తర్వాత అరగంట బ్యాటరీ మీద నడిచి ఆగిపోతోందన్నమాట.

"ఎందుకు బంద్ చేసినవ్ అన్నా?" అని అడిగాను.

"ఎవ్వలు లేనప్పుడు మెయిన్ బంద్ వెట్టాలె సారు. పదేండ్ల సంది నా పని గిదే. కరెంటు దండుగైతే సేటు ఊకుంటడా?"

ఆయనది ఆ దగ్గరి ఊరే, సురంగల్. ఆ ఇంటి యజమాని ఎప్పుడో ఒకసారి వచ్చిపోయే మనిషి. ఖాళీ ఇంట్లో ఒక్క బల్బు వెలిగినా వాచ్‌మన్‌కు మాట పడేది. ఖాళీ ఇంట్లో కూడా పని చేసే మిషను ఒకటి ఉంటుందని ఆయనకెవరూ చెప్పలేదు. నేనూ చెప్పలేదు. కోపం నామీదే వచ్చింది. ఇక మెయిన్ దించొద్దని చెప్పి, సర్వర్ ముందు కూర్చోబెట్టి నేర్పాను. పచ్చ లైటు వెలిగితే పర్వాలేదు, ఎర్రదైతే ఈ బటన్ గట్టిగా ఒత్తిపట్టి నాకు ఫోన్ చెయ్యి అన్నాను. రెండు రోజుల్లో నాకన్నా జాగ్రత్తగా చూడసాగాడు. ఆ సంగతి రిపోర్టులో గొప్పగా రాసుకున్నాను. మిగతా తిప్పలన్నీ ఎక్కణ్ణుంచైనా సరిచేసుకునేలా ఏర్పాటు చేశాను. మంచి పనివాణ్ణి కదా మరి.

నెల తిరిగాక ఇచ్చిన మాట గుర్తుచేస్తే మేనేజర్ నవ్వాడు. "అక్కడ మనిషెందుకయ్యా? అంతా ఇక్కణ్ణుంచే అవుతోంది. బటన్ నొక్కడానికి వాచ్‌మన్ ఉన్నాడు, నువ్వే నేర్పావుగా. ఇంత బాగా చేస్తావని నేను కూడా అనుకోలేదు" అన్నాడు. పొగడ్తకు థాంక్స్ చెప్పి బయటికొచ్చాను. ఆ థాంక్స్ తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఇంట్లో చెబితే మా ఆవిడ, "ఏరు దాటేదాంక ఓడ మల్లయ్య, దాటినంక బోడి మల్లయ్య. జర కాగితం మీద రాయించుకోకపోతివి" అని అన్నం వడ్డించింది. పాప అప్పటికే పడుకుంది.

మొన్న సాయంత్రం మెహదీపట్నంలో బస్సెక్కి కూర్చున్నాక, సర్వర్ ఆగిందని సెల్లులో మెసేజ్ వచ్చింది. దాచడమెందుకు, సంతోషం కలిగింది. అది రెండు రోజులు మొరాయిస్తే, అక్కడొక మనిషి ఉండాలని వాళ్లే అంటారు. వాచ్‌మన్‌కు ఫోన్ చేయకుండా కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను.

ఐదు నిమిషాల్లో వాచ్‌మనే ఫోన్ చేశాడు.

"సారు, ఎర్ర లైటు వడ్డది. నువ్వు నేర్పినట్లే ఒత్తిన, పచ్చగైంది. నువ్వేం ఫికర్ వెట్టుకోకు. ఇంటికాడ బిడ్డతోటి ఆడుకో."

నేను ముడిమ్యాలలో కూర్చునే అంతా చూసుకుంటున్నానని ఆయన అనుకుంటున్నాడు. సరే అన్నా అన్నాను. బస్సు ఇంకా కదల్లేదు.