తువ్వాలు కింద ద్రాక్షతీగె

ఆదోనిలో మా పత్తిగింజల కొట్టు వెనక పెరట్లో ఒక ద్రాక్షపందిరి ఉండేది. డెబ్బైల చివర్లో, హైదరాబాదు పక్క తోటల ఊళ్లో కాపురమున్న మా మేనత్త ఒక కొమ్మ తెచ్చి నాటింది. అనాబ్‌షాహి, తెల్ల ద్రాక్ష. పండు పొడుగ్గా, తోలు పలచగా, వెలుతురుకు పెడితే గింజ నీడలా కనిపించేంత తేటగా ఉంటుందట. ముదిరేకొద్దీ తేనెరంగు తిరుగుతుందట. దానితో తెల్ల వైను కూడా తీస్తారని అత్త చెప్పినప్పటినుంచీ, ఆ పండు దేవుడికి పెట్టొచ్చో లేదోనని అమ్మకు బెంగ. ముందు పండాలి కదా! ఏళ్లు గడిచినా ఆకులే.

డిగ్రీ తప్పి కొట్లో కూర్చున్న నాకు ఆ ఆకులే చాలు. మధ్యాహ్నం బేరాలు సద్దుమణిగాక పందిరి కింద మంచం వేసుకుంటే, వెలుతురు పచ్చగా వడకట్టుకుని ముఖం మీద పడేది. గాలి వీస్తే నేనూ మంచమూ గింజల బస్తాలూ నీళ్ల అడుగున మెల్లగా ఊగుతున్నట్టుండేది. కళ్లు మూస్తే లేని గుత్తులు కూడా కనిపించేవి. నిద్రలోనే వాటిని తూకమేసి, ధర చెప్పి, దిగిరాకుండా కూర్చునేవాణ్ణి.

"ఈ ఎండాకాలానికి కాయకుంటే పీకేసి రేకులషెడ్డు ఏస్తా," అన్నాడు నాన్న. "బస్తాలు యాడ పెట్టేది? నీ నెత్తిన పెట్టేదా?"

దసరాకు దేవరగట్టు కర్రల సమరానికి పోయినవాళ్లు తలలకు కట్లు కట్టుకుని తిరిగొచ్చిన వారంలో అత్త వచ్చింది. పందిరి చూసి నెత్తి కొట్టుకుంది.

"కత్తిరించకుండ పెంచినార్రా? ఇదేమన్నా మల్లెతీగెనా? కోస్తేనే కొత్త సిగురు, ఆ సిగురుకే గుత్తి. పుల్లకు అయిదు కణుపులు పెట్టి తక్కిందంతా కోసేయల్ల."

నా నీడంతా నేలపాలు! "పది ఉంచు, అత్తా."

"తీగెతో బేరమేందిరా?"

"తీగెతో కాదు, నీతోనే."

ఆమె మాత్రం ఆ కొట్లో పుట్టి పెరిగింది కాదా? నాన్న భుజం మీది ఎమ్మిగనూరు తువ్వాలు లాగి మా చేతుల మీద కప్పింది. పత్తి బేరాలు అట్లాగే జరిగేవి. గుడ్డ కింద వేళ్లు పట్టి ధర చెప్పుకోవడం, పైన ముఖాలు మాత్రం వానల సంగతి మాట్లాడుకోవడం. ఆమె నా అయిదు వేళ్లూ పట్టింది. నేను ఆమె అయిదు వేళ్లూ రెండుసార్లు పట్టాను. ఎవరూ దిగిరాలేదు.

"సరే," అంది చివరికి. "తూర్పు సగం నా మాట, పడమటి సగం నీ మాట."

తువ్వాలు కింద తెగిన బేరం తిరగదు. "సూడు సెల్లీ," అని నాన్న నవ్వాడు, "నా కొడుకు ఆకులు కొన్నాడు!"

అత్త తూర్పు సగాన్ని బోడిగుండు చేసి వెళ్లింది. కోసినచోటల్లా నీటిబొట్లు. నేను మంచం పడమటికి జరుపుకుని, బేరం గెలిచినవాడి నిద్ర పోయాను.

చలి వెళ్లేసరికి తూర్పున గుత్తులు దిగాయి, మీద సన్నగా తెల్లటి బూడిద పూసుకుని. నా వైపు ఆకులే, ఎండిన మిరియాల్లాంటి గుత్తి ఒకటి తప్ప. అమ్మ మొదటి గుత్తి దేవుడి ముందు పెట్టి, "ఆ వైను సంగతి స్వామికి ఎవురూ సెప్పొద్దండి," అంది.

షెడ్డుకు కొలత కర్ర పట్టుకుని నాన్న పెరట్లోకొచ్చాడు. ఒక పండు తుంచి ఎండకు పెట్టి చూసి, నోట్లో వేసుకుని, కర్రను పడమటికి తిప్పాడు.

"సెల్లి సగం ఉండనీ. వీని సగం కోసేయండి."

"రెండింటికీ మొదలొకటే కదా, నాన్నా!"

"సగాలు పంచుకున్నోనివి నువ్వే కదప్పా."

పడమట రేకులు లేచాయి. నేను మంచం ఎత్తుకుని, తలొంచుకుని, తూర్పుకు చేరాను. అక్కడి వెలుతురు పచ్చగా లేదు. గుత్తుల్లోంచి దిగి, తేనెరంగులో, ఆలస్యంగా ముఖం మీదికొచ్చేది. ఒక మధ్యాహ్నం కునుకులో ఉండగా పండొకటి తనంతట తానే రాలి ఛాతీ మీద పడింది. కళ్లు తెరవకుండానే, బేరమాడకుండా, తిన్నాను.