తేలేదాకా గడి నింపని రాజ్యం పిన్ని

మా రాజ్యం పిన్నికి ఒకటే జబ్బు. తేలని మాట చెప్పదు.

నెత్తిమీద చినుకులు పడుతుంటే "పిన్నీ, వానొస్తందా?" అని అడిగి చూడండి. చెయ్యి చాపి, అరచెయ్యి తిప్పి చూసుకుని, "ఇక్కడ తడిగా ఉంది. మేడమీద ఎవరైనా బట్టలు పిండుతన్నారేమో, సూసొచ్చి సెప్తాను" అంటుంది. ఆవిడ చూసొచ్చేసరికి దండెం మీద మన బట్టలు తడిసి ముద్దవుతాయి.

దీనికంతటికీ కారణం ఫోను. పిన్ని చోడవరం హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యేక, కాలక్షేపానికని మా ఆవిడ ఝాన్సీయే ఆ ఫోన్లో ఒక ఆట వేసిచ్చింది. తెర నిండా గళ్ళుంటాయి. అడ్డం వరసలకి అంకెలు, నిలువు వరసలకి అంకెలు. పక్కన అయిదు అని ఉంటే ఆ వరసలో అయిదు గళ్ళు వరసగా నలుపు చెయ్యాలి. ఏ అయిదో మాత్రం అడ్డం అంకెలూ నిలువు అంకెలూ కలిపి చూసి తేల్చుకోవాలి. నలుపు కాదని తేలిన గడిలో ఇంటూ మార్కు పెట్టాలి. అన్నీ సరిగ్గా పడితే ఆఖర్న బాతో, టీ కప్పో బొమ్మ కడుతుంది. ఉజ్జాయింపుగా నొక్కేవా, బాతుకి కొమ్ములొస్తాయి. పిన్నికి ఒకసారి వచ్చేయి. ఆ పూట అన్నం తినలేదు. అప్పట్నుంచి ఉజ్జాయింపు ఆటలోనూ మానేసింది, బతుకులోనూ మానేసింది.

"పిన్నీ, కూరలో ఉప్పు సరిపోయిందా?"

"నేను తిన్న ముద్దలో సరిపోయింది. గిన్నె అడుగున ఎలాగుందో నాకేటి తెలుసు?"

మా తమ్ముడు సాయికిరణ్‌కి సంబంధం చూడ్డానికి రావికమతం వెళ్తూ, పెద్దదిక్కు కదా అని పిన్నిని తీసుకెళ్ళేం. పెళ్ళికూతురు గుంట అందరికీ నచ్చింది. కాఫీలిస్తూ పిల్ల తల్లి మర్యాదకి, "అబ్బాయి నెమ్మదస్తుడేనా అమ్మా?" అంది. "మా ఇంటికొచ్చినప్పుడు నెమ్మదిగానే ఉంటాడు. మిగతా టైములో నేను సూళ్ళేదు. ఆ గడి ఖాళీ" అంది పిన్ని. ఆ పెళ్ళి ఎలా అయిందో ఆ దేవుడికే తెలియాలి. సాయికిరణ్ ఇప్పటికీ ఆవిడ ఎదురైతే పక్క సందులోకి తిరిగిపోతాడు.

ఇలా ఉండగా పోయిన శ్రావణమాసంలో గొలుసు గొడవొచ్చింది. మా వీధి చివర లక్ష్మీసుందరిగారు వడ్డాదిలో పేరంటానికెళ్ళి, తాంబూలం సంచీ ఒళ్ళో పెట్టుకుని దాసు షేర్ ఆటోలో తిరిగొచ్చేరు. ఇంటికొచ్చి అద్దంలో చూసుకుంటే మెడలో సన్న గొలుసు లేదు.

సాయంత్రానికల్లా వీధి వీధంతా తేల్చేసింది, దాసే తీసేడని. వాడు కొత్త చొక్కా వేసుకున్నాడని ఒకావిడ అంది. నవ్వుతూ పలకరించేడు, అక్కడే నాకు అనుమానమొచ్చింది అన్నాడు ఇంకొకాయన. మర్నాటినుంచి ఆ ఆటో ఎవరూ ఎక్కలేదు. వెనకొచ్చే బండిలో ఒకళ్ళ ఒళ్ళో ఒకళ్ళు కూచునైనా వెళ్ళేరు గానీ దాసు బండిలో కాలు పెట్టలేదు. వాడు స్టాండులో ఖాళీ సీట్లు తుడుచుకుంటూ కూచునేవాడు. వారం దాటేక, "ఇంక బండి అమ్మీడవే అన్నా" అన్నాడు నాతో.

నేను తిన్నగా పిన్ని దగ్గరికెళ్ళేను. "పిన్నీ, దాసు నీ దగ్గర సదువుకున్నవాడే కదా. వాడు తియ్యలేదని ఒక్క మాట సెప్పు."

"తియ్యలేదని నేను సూసేనేటి?"

నాకు ఒళ్ళు మండిపోయింది. "ఒక మనిషి బతుకు పోతంటే నీ గళ్ళ గోలేటి పిన్నీ" అని విసుక్కున్నాను. ఆవిడ చెప్పులేసుకుని, "రా, సుందరమ్మ ఇంటికెళ్దాం" అంది.

"సుందరమ్మా, ఆటో ఎక్కినప్పుడు మెడలో గొలుసుందా, ఉందనుకున్నావా?"

"ఉందండీ టీచరుగారూ. ఎక్కేక పమిట సర్దుకుంటే చేతికి తగిలింది."

"దిగేక రోడ్డు మీద?"

"వెతికేం. ఆటోలోనూ వెతికేం. సంచీ కూడా దులిపేం."

"సంచీలో ఏటేటిచ్చేరు?"

"అరటిపళ్ళు, శనగలు, చిలకపచ్చ జాకెట్టు ముక్క."

"పళ్ళు తినేసుంటారు. శనగలు తాలింపేసుకునుంటారు. జాకెట్టు ముక్కేదీ?"

లక్ష్మీసుందరిగారు తలెత్తి ఫ్యాను వైపు చూసేరు. "బీరువాలో... ఉందండీ." పిన్ని ఇంకేమీ అడగలేదు.

మీకు తెలియంది కాదు, శ్రావణమాసంలో జాకెట్టు ముక్క ఒక ఇంట నిలవదు. మంగళవారం వచ్చింది శుక్రవారం ఇంకొకరి తాంబూలంలోకి ఎక్కేస్తుంది. మడత విప్పితే పాతబడుతుందని ఎవరూ విప్పరు. అందరూ చేసే పనే, చచ్చినా ఒకళ్ళూ ఒప్పుకోరు. ఫలానా వాళ్ళిచ్చింది ఎవరికిచ్చేవని అడిగితే తల తీసేసినట్టే.

అందుకని పిన్ని గొలుసు మాటెత్తలేదు, ముక్క మాటెత్తలేదు. ఇంటింటికీ వెళ్ళి మంచినీళ్ళడిగింది. తాగుతూ, "పోయిన శుక్రవారం సుందరమ్మ తనింట్లో చేసిన పేరంటానికి ఎవరెవరెళ్ళేరేటి?" అనేది. వెళ్ళనివాళ్ళకి ఇంటూ మార్కు. వెళ్ళి, ఎర్ర ముక్కో పసుపు ముక్కో తెచ్చుకున్నట్టు మాటల్లో బయటపడ్డవాళ్ళకి ఇంటూ మార్కు. మిగిలింది మా పక్కింటి సంధ్యారాణి. అక్కణ్ణుంచి సంధ్యారాణి పేరంటానికెళ్ళినవాళ్ళ ఇళ్ళల్లో మళ్ళీ మంచినీళ్ళు, మళ్ళీ ఇంటూ మార్కులు. శుక్రవారం పొద్దున్నే మా గుమ్మంలో తేలింది.

"ఝాన్సీ, మొన్న సంధ్యారాణి నీకిచ్చిన జాకెట్టు ముక్క ఉందా అమ్మా?"

"ఉందత్తయ్యా, వచ్చే మంగళవారం సుందరమ్మగారికి..." అని మా ఆవిడ నాలిక్కరుచుకుంది.

తెచ్చి మడత విప్పితే, పమిట సర్దుకున్నప్పుడు ఊడి ఒళ్ళో సంచీలోని ముక్క మడతలోకి జారిన గొలుసు చాప మీద పడింది.

"పద పిన్నీ, వీధందరికీ సెప్దాం" అన్నాను.

"ఏటని? సుందరమ్మ సంధ్యకి తోసీసింది, సంధ్య మీకు తోసీసింది, మీరు మళ్ళీ సుందరమ్మకే తొయ్యబోయేరనా?"

ఝాన్సీ నా చెయ్యి గిల్లింది. పిన్ని గొలుసు గుప్పిట్లో పెట్టుకుని బయల్దేరింది.

ముందు స్టాండుకెళ్ళి దాసుని పిలుచుకొచ్చింది. లక్ష్మీసుందరిగారి గుమ్మం ముందు జనం పోగయ్యేరు. "ఆ సంచీ ఓసారి తే సుందరమ్మా" అంది పిన్ని.

"బాగా దులిపేం కదండీ."

"దులిపేరా, దులిపేమనుకున్నారా?"

ఆ ప్రశ్న పిన్ని అడిగితే ఎవరికైనా అనుమానం రావల్సిందే. సంచీ వచ్చింది. పిన్ని లోపల చెయ్యి పెట్టి, మూలలు తడిమి, తిరగేసి గట్టిగా దులిపింది. గొలుసు అందరి ముందూ నేల మీద పడింది.

ఇంకొకరైతే కనికట్టు అనేవారు. రాజ్యం టీచర్ని ఎవరంటారు? వాన పడుతున్నా వాన అనని మనిషి. ఆవిడ చేతిలో సంచీలోంచి పడిందంటే, మొదట్నుంచీ సంచీలోనే ఉంది. "నా కళ్ళు పోనూ" అని లక్ష్మీసుందరిగారు చెంపలేసుకున్నారు. దాసు దగ్గరికెళ్ళి, "తప్పయిపోయింది బాబూ" అన్నారు. వాడు చొక్కా కొసతో కళ్ళొత్తుకున్నాడు. ఆ సాయంత్రం కె.కోటపాడు పేరంటానికి వీధిలో ఆడాళ్ళందర్నీ పోగేసి దాసు ఆటోలోనే వెళ్ళేరావిడ. చోటు చాలక ఒకావిడ వాడి పక్కన సగం సీటు మీద కూచుంది.

బండి మలుపు తిరిగేక పిన్ని అరుగు మీద చతికిలబడి ఫోను తీసింది. నేనూ పక్కన కూచున్నాను.

"పిన్నీ, అంతమంది ముందు ఎంత అబద్ధమాడేసేవు."

"సంచీలో ఉందని నేనన్నానా? దులిపేను, పడింది."

"నాకు సెప్పకు."

పిన్ని ఫోను ఒళ్ళో పెట్టుకుంది. "ఒరే, ఇన్నాళ్ళూ మీ అందరిచేతా తిట్లు తింటూ ఒక్క ఉజ్జాయింపు మాటైనా ఆడకుండా నమ్మకం కూడబెట్టుకున్నాను. ఆ కుర్రోడి కోసం ఒక్కసారి వాడుకుంటే తప్పేటి?"

ఆవిడ గొంతులో నిజంగానే బెంగ ఉంది. బాతుకి కొమ్ములొచ్చిన రోజు కూడా ఇలాగే బెంగపడిందని ఝాన్సీ అప్పట్లో చెప్పింది.

"తప్పు కాదు పిన్నీ" అన్నాను. "వాడు బండి స్టార్ట్ చేస్తన్నప్పుడు మొహం నేను సూసేను."