గిన్నెల తొట్టికి క్లచ్ వైరు

మా వ్యాను టాపు మీద కోడిగుడ్డు కొడితే ఆమ్లెట్టు కావడానికి ఆగదు, నేరుగా పొడుమవుతుంది. నరసరావుపేట ఎండ తెలిసినవాళ్ళు నమ్ముతారు. తెలియనివాళ్ళ కోసం ఇక్కడినుంచి నిజమే రాస్తాను.

ఆ వ్యాను పాతది కొన్నాను. లోపల మంచం, గ్యాసు పొయ్యి, పక్కనే గిన్నెలు కడిగే స్టీలు తొట్టి. టాపు మీద నల్లటి నీళ్ళ ట్యాంకు. వెనక తలుపు దగ్గర, బయట నిలబడి స్నానం చేయడానికి, పొడుగు పైపుతో ఒక చేతి షవరు. మీట నొక్కి పట్టుకున్నంతసేపే నీళ్ళు. తొట్టికి మాత్రం కుళాయి లేదు.

లేని కుళాయిని ఫోనులో నేనే పెట్టాను. "వేడినీళ్ళు, చన్నీళ్ళు రెండూ వస్తయ్ వదినా! ఆదివారం అమరావతి పోదాం, ఏటి ఒడ్డున వండుకుందాం" అన్నాను. వదిన అంటే నా భార్యకు అక్క. మాచర్ల నుంచి వస్తానంది.

ఫోను పెట్టగానే నా భార్య అందుకుంది. "ఏందయ్యా, ఏడుంది కుళాయి? అందరి చేతుల మీదా నీళ్ళు నేను పోస్తా. కారం కలిపిన నా చేతికి ఎవరు పోస్తారు? కుళాయి లేకపోతే నేనూ అక్కా బస్సులో పోతాం. ఖాళీ వ్యానేసుకొని నువ్వు ఊరేగు."

అన్నదంటే అన్నదే. ఆమె చేతుల మీద నేనెప్పుడైనా నీళ్ళు పోశానా అని వెతికాను. ఇన్ని కథలల్లేవాడికి ఒక్కటీ తట్టలేదు. అబద్ధం ఆడేశాను, ఇక దాన్ని బిగించి తీరాలి.

శుక్రవారం పైపును కిటికీలోంచి లోపలికి లాగి, షవరును తొట్టి మీద బిగించి, మీటను సైకిలు ట్యూబు ముక్కతో కట్టేశాను. జల్లు పొయ్యినీ పరుపునీ కలిపి తడిపింది. విప్పేలోపు ట్యాంకు ఖాళీ.

శనివారం షవరు తల పీకేసి, మిరపతోటకు మందు కొట్టే ఇత్తడి గొట్టం తగిలించబోయాను. చివర వంపు కుళాయిలాగే ఉంటుంది మరి. ఆమె వాసన పట్టింది.

"పురుగుమందు గొట్టం నా గిన్నెల మీదికా! అక్క ఒక్కపూట తిండికొస్తుంటే సంపుతావా ఏంది?"

తప్పు నాదే. కొట్టుకెళ్ళి కొత్తది తెచ్చాను. ధార కుదిరింది. కానీ మీట నొక్కడానికి ఒక చెయ్యి కావాలి, గిన్నె తోమడానికి రెండు కావాలి. స్కూటర్ల షెడ్డు భాయ్ దగ్గరికి పోయి, మీటకు క్లచ్ వైరు కట్టి కాలితో తొక్కేటట్టు చెయ్యమన్నాను.

"గిన్నెలు తోమాలంటే గేరు గూడా మార్చాలా అన్నా?" అని భాయ్ నవ్వాడు. వైరు రెండుసార్లు జారింది. మూడోసారి కూర్చుంది.

ఆదివారం పొద్దున ఆమె ఒకసారి తొక్కి చూసి, తన సంచి వ్యానులో పెట్టింది.

మధ్యాహ్నం ఏటి ఒడ్డున పచ్చిమిరప పచ్చడి నూరి, మండే చేతులతో తొట్టి దగ్గరకొచ్చి తొక్కింది. ధార పడింది. ఆమె ఎగిరి వెనక్కి దూకింది.

"అమ్మో! కాగిపోతన్నయ్!"

పొద్దుటినుంచీ ట్యాంకు ఎండలోనే ఉంది మరి.

వదిన పడీపడీ నవ్వింది. "వేడినీళ్ళు నిజమేనే! చన్నీళ్ళేయి మరిదీ?"

ఏటి నీళ్ళు పట్టిన బిందెలో చెంబు ముంచి, నా భార్య చేతుల మీద వంచాను.

"ఇయ్యే వదినా."

"సన్నంగా పొయ్యి" అంది నా భార్య, చేతులు తియ్యకుండా.