ఆరు ముళ్ళ పిలుపు

ప్రభవాదిగా అరవై పేర్లతో తిరిగే సంవత్సర చక్రం ఎన్నో ఆవృత్తులు ముగించుకొని మళ్ళీ విశ్వావసువు దగ్గరకు వచ్చేసరికి, కొల్లేరు పొంగి, కుంగి, చేపల చెరువులుగా చీలి, కొంత మేర మళ్ళీ సరస్సుగా మిగిలేసరికి, ఏనాడో దూరదేశం నుంచి వచ్చి ఏలూరులో స్థిరపడిన తివాచీ నేతగాళ్ళ కుటుంబాలు ఒక్కొక్కటిగా మగ్గం దింపి వేరే బతుకు వెతుక్కొనేసరికి, ముప్పై నాలుగేళ్ళుగా నిలువు మగ్గం ముందు కూర్చుని ఊలు ముళ్ళు వేస్తున్న ఖైరున్నీసాకు యాభై ఒకటో ఏడు వచ్చింది. ఊపిరితిత్తుల నిండా ఊలు నలుసు చేరింది. పాతికేళ్ళ కూతురు మహీన్‌ను తన తరువాత ఎవరు చూస్తారన్న ప్రశ్న ఒక్కటే ఆమెకు మిగిలింది.

చేపల లారీ తోలే భర్త నవాజ్ పదకొండేళ్ళ కిందట దెందులూరు దగ్గర హైవే మీద పోయాడు. నాటి నుంచి ఆ ఇంట్లో ఇద్దరే.

మహీన్ పుట్టినప్పుడు ఆలస్యంగా ఏడ్చింది. నాలుగో ఏట నడిచింది. వైద్యులు కాగితం మీద మేధోవైకల్యమని రాశారు. వీధి దానికి ఇంకా చాలా పేర్లు పెట్టింది. ఆరేళ్ళు నిండాక తల్లి ఆమెను బడికి తీసుకెళ్ళింది. పంతులుగారు పేరడిగితే పిల్ల తలవంచుకొని గౌను అంచున ఉన్న పువ్వులను వేలితో తడుముతూ కూర్చుంది. రెండోసారి అడిగారు. మూడోసారి అడిగేలోగా తరగతి అంతా నవ్వింది.

"పేరైనా చెప్పలేని పిల్లకు అక్షరాలు ఎలా వస్తాయమ్మా? ఇంటి దగ్గరే ఉంచుకోండి" అన్నారాయన, మెత్తగానే.

కత్తికైతే ఒర ఉంటుంది. మెత్తని మాటకు అదీ లేదు. నా బిడ్డను చూసి ఇకపై ఎవరూ ఇలా నవ్వకూడదని ఆనాడు బడి మెట్ల మీద ఖైరున్నీసా ఒట్టు పెట్టుకుంది.

ఆమె పనిచేసే నబీ సాహెబు షెడ్డులో ఒక పద్ధతి ఉండేది. నమూనా కాగితం చేతపట్టుకొని ముసలి నబీ వరుస వరుసనూ రాగయుక్తంగా పిలిచేవాడు: "రెండు ఎరుపు... ఒకటి నీలం... మూడు తెలుపు..." నేతగత్తెలు ఆ ముడులు వేసి, "వేశాం" అని బదులు పలికి, ఇనుప దువ్వెనతో వరుసను దిగ్గొట్టేవారు. మగ్గం కింద ఊలు ఉండల మధ్య ఆడుకుంటూ పెరిగిన మహీన్, ఒక రోజు నబీ దగ్గు తెరలో పడి ఆగిపోతే, ఆ వరుసంతా మొదటి నుంచి చివరి దాకా తానే పిలిచింది. నేతగత్తెలు అలవాటుగా "వేశాం" అన్నారు. అయితే ఆ పిలుపు నడుమ తెగితే మళ్ళీ అతికేది కాదు. ఎవరు పలకరించినా పిల్ల మొదటి ముడి దగ్గరకు పోయి మళ్ళీ మొదలుపెట్టేది.

ఖైరున్నీసాకు దారి దొరికింది. లోకం అడిగే ప్రశ్నలను కూడా మగ్గం మీది వరుసలాగే పేర్చింది. నీ పేరేమిటి? మీ అమ్మ పేరేమిటి? మీ ఊరేది? ఇంట్లో ఎంతమంది? ఆవుకు ఎన్ని కాళ్ళు? దాహమేస్తే ఏం తాగుతావు? ఆరు ప్రశ్నలు, ఆరు జవాబులు. ఒక్కొక్క ముడి బిగియడానికి ఒక్కొక్కసారి రెండేళ్ళు పట్టింది. లోకం కూడా విచిత్రంగా దాదాపు అదే క్రమంలో అడుగుతూ వచ్చింది. ఆసుపత్రి గదుల్లో, రేషను దుకాణం దగ్గర, పెళ్ళి పందిళ్ళలో మహీన్ చక్కగా జవాబు చెప్పేది. ఎవరూ నవ్వలేదు. ఒక్కొక్కటిగా బిగిసిన ఆ ఆరు ముళ్ళే ఆ పిల్లకు కవచమై నిలిచాయి.

ఆ కవచమే ఉరి అయింది.

వైకల్య ధ్రువపత్రాలను మళ్ళీ పరీక్షిస్తారని ఆ ఏడు నోటీసు వచ్చింది. ఒక కల్యాణ మండపంలో శిబిరం పెట్టారు. ఎవరి పెళ్ళివో బంతిపూల దండలు ఇంకా గుమ్మానికి వాడుతూ వేలాడుతున్నాయి. పరదా వెనుక వైద్యుడు ఒక్కొక్కరినీ అడుగుతున్న ప్రశ్నలు బల్ల మీద కూర్చున్న ఖైరున్నీసాకు వినిపించాయి. నీ పేరు, అమ్మ పేరు, ఊరు... అచ్చంగా తన వరుసే. ఆమె మనసులో అల్లాకు కృతజ్ఞతలు చెప్పుకొని, వంతు వచ్చేదాకా కూతురి చెవిలో ఆ పిలుపు పిలుస్తూనే ఉంది. లోపల మహీన్ ఒక్కటీ తప్పకుండా చెప్పింది.

"శభాష్" అన్నాడు వైద్యుడు. రెండు నిమిషాల్లో పని ముగిసింది. ఆ సాయంత్రం తల్లి కూతురికి పాలకోవా కొనిపెట్టింది.

నెల తిరిగేసరికి కాగితం వచ్చింది. డెబ్బై శాతమున్న వైకల్యం ముప్పై అయింది.

ఆ ముప్పై అంకె పింఛనును ఆపిందన్న దిగులు చిన్నది. పెద్దది వేరే ఉంది. తాడేపల్లిగూడెం శివార్లలో మహీన్ వంటి ఆడపిల్లలకు నీడనిచ్చి, చాపలూ పట్టాలూ నేయించే ఆశ్రమం ఒకటి ఉంది. స్టెల్లా అనే టీచరమ్మ దాన్ని చూసుకుంటుంది. ఎక్స్‌రే చూసిన డాక్టరు ఇక ఊలు ముట్టుకోవద్దని చెప్పి కళ్ళజోడు తుడుచుకున్న రోజునే ఖైరున్నీసా మహీన్‌ను వెంటబెట్టుకొని భీమడోలు మీదుగా బస్సులో అక్కడికి వెళ్ళి వచ్చింది. కూతురికి ఒక చోటు చూసుకుంది. నలభై శాతమైనా ఉంటే తప్ప ఆ చోటు లేదు.

"మీ అమ్మాయిని ఆరోజు చూశాను, నాకు తెలుసండీ" అంది స్టెల్లా ఫోనులో. "కానీ నా కళ్ళను కమిటీ ఒప్పుకోదు. అప్పీలు పెట్టండమ్మా. ఈ నెలాఖరు దాకా మంచం ఖాళీగా ఉంచుతాను. ఆ తర్వాత నా వల్ల కాదు."

అప్పీలు పెట్టింది. పక్క మగ్గం తస్లీమ్ నోటికి జంకు లేని మనిషి. దువ్వెన దిగ్గొడుతూనే అంది:

"మీరు పిల్లకి చదువు చెప్పారు ఆపా, ఆ చదువే కొంప ముంచింది. మా ఆడపడుచు కొడుకు నోట్లో వేలు పెట్టుకుని కూర్చున్నాడు. వాడికి ఎనభై రాశారు! ఈసారి దీన్ని పెదవి విప్పనీయకండి."

"అబద్ధం కాదా తస్లీమ్?"

"అబద్ధమేవుందండీ? చెప్పడం రానిదాన్ని మీరు చెప్పొద్దంటారు, అంతేగా! వచ్చేదేదో నిజంగా వస్తే మీకీ ఏడుపెందుకు?"

వాక్కు సరస్వతి అంటారు పెద్దలు. అల్లా అప్పగించిన నిధి అని ఖైరున్నీసా నమ్మిక. మూగనోట మాట పలికించడానికి పంతొమ్మిదేళ్ళు తపస్సు చేసిన తల్లి, ఆ మాటను తన చేతులతో పూడ్చడానికి కూర్చుంది. బయట శ్రావణపు వాన. ఎదురుగా మహీన్, మోకాళ్ళ మీద గడ్డం ఆనించి, ఇంకో ఆట వచ్చిందని నవ్వుతూ.

"నీ పేరేమిటని అడుగుతారు. నువ్వు చెప్పకూడదు. ఏం?"

"నా పేరు మహీన్."

"చెప్పకూడదు, బంగారం. నోరు మూసుకో. ఇదిగో, ఇలా."

మహీన్ అరచేయి నోటికి అడ్డం పెట్టుకుంది. వేళ్ళ సందుల్లోంచి జవాబులు జారుతూనే ఉన్నాయి: "మా అమ్మ పేరు ఖైరున్నీసా. మా ఊరు ఏలూరు."

పది మార్లు, ఇరవై మార్లు. దగ్గుతో తల్లి రొమ్ము ఎగసిపడింది. చివరకు, ఎన్నడూ లేనిది, ఆమె చెయ్యి లేచింది. పిల్ల చెంప మీద పడింది.

"చెప్పకంటే చెప్పకు!"

మహీన్ బిత్తరపోయింది. ఏదో ముడి తప్పిందని మాత్రమే ఆమెకు తెలిసింది. తప్పిన ముడికి మందు ఒక్కటే, మొదటి నుంచి పిలవడం. కన్నీళ్ళు ముక్కు మీదుగా కారుతుండగా, ఇంకా గట్టిగా, ఇంకా స్పష్టంగా మొదలుపెట్టింది: "నా పేరు మహీన్! మా అమ్మ పేరు ఖైరున్నీసా!" ఆరూ పూర్తిచేసి అడిగింది: "ఇప్పుడు బాగుందా, అమ్మీ?"

ఖైరున్నీసా పైట నోట్లో కుక్కుకొని ఏడ్చింది. ఆ తరువాత తొమ్మిది రోజులకు మహీన్ మౌనం నేర్చుకుంది. చెంప దెబ్బ నేర్పిన మౌనమది.

అప్పీలు రోజు అదే మండపం. పరదా లేదు, బల్లల మీద కూర్చున్నవారంతా చూస్తున్నారు. ఈసారి వైద్యురాలు ప్రసన్నలక్ష్మి, నడివయసు మనిషి.

"నీ పేరేంటమ్మా?"

మహీన్ అరచేయి నోటికి అడ్డుపెట్టుకుంది. రెండో ప్రశ్న. మూడో ప్రశ్న. పిల్ల చూపంతా తల్లి చేతి మీద. అది మళ్ళీ లేస్తుందేమోనని.

వైద్యురాలు పాత కాగితం తిరగేసి తలెత్తింది. "పోయినసారి అన్నీ చెప్పిందని రాసుంది. ఇప్పుడీ మూగనోము ఏవిటండీ? నేర్పించి తీసుకొచ్చారా?"

బల్లల మీద గుసగుసలు. ఖైరున్నీసా కళ్ళముందు తాడేపల్లిగూడెంలోని ఆ ఖాళీ మంచం కనబడింది. దొంగ అని రాస్తే ఇక ఏ తలుపూ తెరుచుకోదు. కాదనడానికి నోరు తెరిచింది, బిడ్డ నోటి మీది ఆ చెయ్యి చూసింది, మాట మారిపోయింది.

"నేర్పించానండీ. అప్పుడూ నేర్పించాను, ఇప్పుడూ నేర్పించాను. మొదటిది ఏళ్ళకేళ్ళు పట్టిందండీ. రెండోది కొట్టి నేర్పించాను." ఆమె కూతురి చెయ్యి మెల్లగా కిందికి దించింది. "చెప్పు బంగారం. అమ్మీ ఏమీ అనదు. డాక్టరమ్మా, నా మాట ఒక్కటి వినండి. వరుసగా అడగొద్దు. మధ్యలోంచి అడగండి."

ప్రసన్నలక్ష్మి తల్లిని తేరిపార చూసి, కూతురిని అడిగింది: "మీ ఇంట్లో ఎంతమంది?"

"నా పేరు మహీన్."

"ఆవుకు ఎన్ని కాళ్ళు?"

"మా అమ్మ పేరు ఖైరున్నీసా."

"దాహమేస్తే ఏం తాగుతావమ్మా?"

"మా ఊరు ఏలూరు" అంది మహీన్, మెరుస్తున్న ముఖంతో.

బల్లల మీద ఎవరో కిసుక్కుమన్నారు. ఆ నవ్వు ఒకరి నుంచి ఒకరికి పాకి మండపమంతా నిండింది. పంతొమ్మిదేళ్ళు ఏ నవ్వు బిడ్డ దరి చేరకుండా అడ్డు నిలిచిందో ఆ నవ్వునే తల్లి తన నోటితో పిలిచి తెచ్చింది. తలవంచుకోలేదు. పారిపోలేదు. బలిపీఠం దగ్గర నిలబడ్డట్టు నిలబడింది.

"నవ్వేవాళ్ళు బయటికి వెళ్ళండి" అంది వైద్యురాలు, గొంతు పెంచకుండానే. నవ్వు ఆగాక తల్లివైపు తిరిగింది. "సరేనండీ. ఈ అమ్మాయికి నిజంగా ఏం తెలుసు?"

ఆ ప్రశ్న ఇన్నేళ్ళలో ఎవరూ అడగలేదు. ఖైరున్నీసా కూతురి వేళ్ళ వైపు చూసింది. "రంగులు తెలుసండీ" అంది.

వైద్యురాలు తన చీర చెంగు బల్ల మీద పరిచింది. మహీన్ వంగి, అంచు మీద వేలు నడుపుతూ, నబీ సాహెబు రాగంలో పిలిచింది: "రెండు ఎరుపు... ఒకటి నీలం... రెండు ఎరుపు... ఇక్కడ ముడి తప్పింది."

నిజంగానే అక్కడ నేతలో ఒక దారం తప్పి ఉంది. ప్రసన్నలక్ష్మి దాన్ని చూసుకొని, కలం తీసుకొని చాలాసేపు రాసింది. "మొదట ఉన్న డెబ్బై శాతమే మళ్ళీ రాశాను. ఈ రంగుల సంగతి కూడా రాశాను" అంది. "కాగితం వారంలో వస్తుందండీ."

అడిగింది దొరికింది. మండపం మెట్లు దిగుతుంటే ఖైరున్నీసాకు అది గెలుపుగా తోచలేదు. కాగితం వస్తుంది, కాగితంతో పాటు ఎడబాటూ వస్తుంది. తన బిడ్డకు ఏమీ రాదని పదిమందిలో రుజువు చేసి, ఆ రుజువుతో ఆమెను పరాయి నీడకు అప్పగించాలి.

"బాగా చెప్పానా, అమ్మీ?"

"ఒక్కటీ తప్పలేదు, బంగారం."

బస్టాండు బల్ల మీద కూర్చున్నాక తల్లికి ఒకటి తట్టింది. వరుసలో మూడో ముడి మార్చాలి. మీ ఊరేదంటే ఇకపై తాడేపల్లిగూడెం అనాలి. నాలుగోదీ మార్చాలి, ఇంట్లో ఎంతమందంటే ఇద్దరమని చెప్పకూడదు.

"మహీన్, మీ ఊరేది?" అని మొదలుపెట్టింది.

"నా పేరు మహీన్" అని ఆ పిల్ల మొదటి నుంచి అందుకుంది. మా అమ్మ పేరు ఖైరున్నీసా. మా ఊరు ఏలూరు. ఇంట్లో ఇద్దరం. ఆవుకు నాలుగు కాళ్ళు. దాహమేస్తే నీళ్ళు.

తల్లి దిద్దలేదు. కూతురి చెంప మీద, ఆ వాననాడు తన చెయ్యి పడిన చోట, అదే చెయ్యి ఆనించి "వేశాం" అంది.

ఆ తల్లి రొమ్ములో ఊపిరి, బిడ్డ కొత్త నీడకు అలవాటుపడే దాకానైనా నిలుచుగాక! ఆ బిడ్డను అడిగేవారు వరుస తెలిసి అడుగుదురుగాక, తెలియనివారు నవ్వకుందురుగాక! ఎన్ని సంవత్సరాలు తిరిగినా ఇంట్లో ఎంతమందని అడిగితే, ఇద్దరమన్న మాట ఆ నోట చెరగకుండుగాక! ఆ ఇద్దరికీ, ఆ చిన్న గడపకూ దైవం తోడై ఉండుగాక!