కోడలు చెప్పిన చదువు

మా కోడలు పోయింది. పోయిన నెలలో ఒక ఆదివారం పొద్దున, కోడుమూరులో, మా ఇంట్లోనే. ముప్పై ఒకటో ఏడు నడుస్తోంది ఆమెకు. దగ్గరి వాళ్ళకు ఫోన్లో చెప్పాను, దూరం వాళ్ళకు మెసేజి పెట్టాను. ఇది చదివే మీకు ఆమె ఎవరో తెలియదు. అయినా ఆమె గురించి నాలుగు మాటలు చెప్పుకోవాలనిపించింది. వీటిని నేనే టైపు చేస్తున్నాను, రెండు వేళ్ళతో. నాకు అరవై నాలుగేళ్ళు. పదో తరగతి తప్పి సేద్యంలో దిగినవాణ్ణి. ఈ వయసులో నన్ను కంప్యూటరు ముందు కూర్చోబెట్టింది ఆమే.

ఆమెది బద్వేలు. పెళ్ళయి మా ఇంటికి వచ్చినప్పుడు, సారె సామాన్లు తెచ్చిన లారీలో బీరువా, మంచం, స్టీలు బిందెల మధ్య దుప్పటి చుట్టిన ఒక పాత కంప్యూటరు కూడా దిగింది. పెళ్ళికి ముందు ఆమె అక్కడొక ప్రైవేటు బడిలో పిల్లలకు కంప్యూటరు చెప్పేది. ఆ జీతంతోనే కొనుక్కుందట. "దీన్ని యాడ పెట్టాల?" అని మా ఇంటామె అడిగితే, "యాడో ఒక మూల పెట్టండత్తా, అది ఎవురికీ అడ్డం రాదు" అంది.

నెల తిరక్కముందే మా వాడు నా దగ్గరికొచ్చి, కోడలు ఇక్కడి బడిలో పని దొరికితే చేరతానంటోందని చెప్పాడు. మా వాడు బోరు లారీ మీద పని చేస్తాడు. నెలలో ఇరవై రోజులు ఊళ్ళమ్మటే ఉంటాడు. "మన ఇంటి కోడండ్లు జీతానికి పొయ్యేది యాడా లేదు" అన్నాను నేను. ఆమె వంటింటి గడప దగ్గరే నిలబడి ఉంది. విన్నది. ఆ సాయంత్రం పాత చీర ముక్కతో కంప్యూటరుకు ముసుగు కప్పింది. మూడేళ్ళు ఆ ముసుగు తియ్యలేదు. ఆ మూడేళ్ళూ ఆమె మొహంలో కోపం నాకు కనిపించలేదు. కనిపించి ఉంటే నేను ఇంకాస్త ముందే కళ్ళు తెరిచేవాడినేమో.

తర్వాత ఒక ఖరీఫులో పంట నమోదు చేయించడానికి నెట్ సెంటరుకు వెళ్ళాను. పొద్దున పోయినవాణ్ణి మధ్యాహ్నం దాకా కూర్చున్నాను. నా వంతు వచ్చాక అక్కడి కుర్రాడు ఏదో అడిగాడు, నాకు అర్థం కాలేదు, మళ్ళీ అడిగాను. అతను తెర మీద నుంచి తల తిప్పకుండా, "నీకు చెప్పినా తెలీదులే పెద్దాయనా, పక్కన కూచో" అన్నాడు. వరసలో నాకు తెలిసినవాళ్ళు నలుగురైదుగురు ఉన్నారు. కాగితాలు తీసుకుని ఇంటికొచ్చేశాను. అన్నం ముందు కూర్చుని మా ఇంటామెతో జరిగింది చెబుతుంటే కోడలు మజ్జిగ పోస్తోంది. నేను చెయ్యి కడుక్కుని వచ్చేసరికి కంప్యూటరు మీద ముసుగు తీసి ఉంది.

"నేను నేర్పిస్తా మామా. నీకు యాల రాదు?" అంది.

ముందు నవ్వాను. ఆమె నవ్వలేదు.

మొదటిరోజు నేను కుర్చీలో కూర్చుంటే ఆమె పక్కన నిలబడి చెప్పబోయింది. మా ఇళ్ళలో కోడళ్ళు మామల ఎదుట కూర్చోరు. నాకే సిగ్గనిపించింది. "చదువు చెప్పేవాళ్ళు నిలబడి, నేర్చుకునేవాడు కూచుంటే యట్లమ్మా? కుర్చీ తెచ్చుకో" అన్నాను. ఆమె వంటింటివైపు చూసింది. మా ఇంటామె తానే ఒక స్టూలు తెచ్చి వేసింది. వేసి, "ఇంక చెనిక్కాయలు గూడా చేన్లో గాకుండా దీంట్లోనే ఇత్తుతావా?" అని నన్ను ఎగతాళి చేసి వెళ్ళింది.

మౌసు పట్టుకోవడానికే నాకు వారం పట్టింది. గట్టిగా పట్టుకుని బల్లకేసి నొక్కేవాణ్ణి. బాణం తెర మీద ఒక మూలకు పోయి కూర్చునేది. "మామా, అది నాగలి మేడి గాదు. కోడిపిల్లను పట్టుకున్నట్ల పట్టు" అంది. రెండుసార్లు వెంటవెంటనే నొక్కడం అసలు కుదిరేది కాదు. నేను ఒకసారి నొక్కి, ఆలోచించి, ఇంకోసారి నొక్కేవాణ్ణి. ఆమె బల్ల మీద వేలితో టకటక కొట్టి చూపించేది. నేను బల్ల మీద కొట్టేవాణ్ణి. అక్కడ బాగానే వచ్చేది, మౌసు మీదికొచ్చేసరికి పోయేది. "ఎంతసేపైనా పర్వాలేదు మామా. తొందరంతా మనదే, మిషనుకు తొందర లేదు" అనేది.

ఆమెకు ఒక అలవాటు ఉండేది. నేను ఎంత తడబడినా నా చేతిలోంచి మౌసు తీసుకునేది కాదు. తన రెండు చేతులూ వెనక్కు కట్టుకుని కూర్చునేది. "ఒక్కసారి చేసి చూపియ్యమ్మా" అని బతిమాలినా, "నేను చేస్తే నాకొస్తాది, నీకు రాదు" అనేది. మధ్యాహ్నం ఎండకు ఊరంతా తలుపులు మూసుకున్నప్పుడు మా చదువు సాగేది. కరెంటు పోతే అక్కడితో ఆగేది. అప్పుడామె చిన్న కుంచెతో అక్షరాల బిళ్ళల సందుల్లో దుమ్ము తీస్తూ కూర్చునేది.

ఒకరోజు పైనుంచి తీసిన ఫోటోల్లో మా ఊరు చూపించింది. నేనే వెతికి వెతికి మా చేను పట్టుకున్నాను. ఎండిన బావి ఒక చుక్కలా కనిపించింది. "ఇంత చిన్నదా మన చేను" అన్నాను. "దాంట్లో పన్జేసేటప్పుడు అంత చిన్నది గాదులే మామా" అంది. ఇంకోరోజు వాన ఎప్పుడు పడుతుందో ఇది చెబుతుందా అని అడిగాను. "చెప్తాది. పడేది మాత్రం దాని చేతిలో లేదు" అంది.

నాకంటూ ఒక మెయిలు పెట్టింది. పాస్‌వర్డు ఏం పెట్టాలో నన్నే అనుకోమంది. నేను అనుకుని గట్టిగా చెప్పబోతే మొహం అటు తిప్పుకుని, "నాకు చెప్పొద్దు మామా, నీది నీ దగ్గరే ఉండాల" అంది. మెయిళ్ళ వరస చూపిస్తూ, "ఇదో, చదవని మెయిలు లావు అక్షరాలతో ఉంటాది. నువ్వు తెరిచి చదివినాక సన్నబడతాది. దాన్నిబట్టి ఏది చూసినావో ఏది చూల్లేదో తెలిసిపోతాది" అని చెప్పింది. ఆమే నాకు మొదటి మెయిలు పంపింది, అదే ఇంట్లోంచి, తన ఫోనులోంచి. 'మామా, బాగుండావా' అని ఉంది అందులో. జవాబు రాయడానికి నాకు గంట పట్టింది.

ఏడాది తిరిగేసరికి మా భూమి కాగితం నేనే తెర మీద తెరిచి, నేనే దింపుకున్నాను. ఇంత విద్య చేతిలో ఉన్న మనిషిని ఇన్నేళ్ళు వంటింట్లో పెట్టానే అనిపించింది. "అమ్మా, ఆ పొద్దు నేనన్న మాట తప్పు. బడికి పోతానంటే పో. నేనే పొయ్యి మాట్లాడతా" అన్నాను. ఆమె కుంచెతో దుమ్ము తీస్తూనే ఉంది. కుంచె పక్కన పెట్టి, "జూన్లో చేరతా మామా" అంది. అంతే. ఇంకొకరైతే ఆ గడిచిన ఏళ్ళ సంగతి ఎత్తేవాళ్ళు.

జూన్లో చేరింది. సాయంత్రం వచ్చి కాళ్ళు కడుక్కుంటూ ఆరోజు సంగతులు చెప్పేది. "ఈ పొద్దు ఒక పిల్ల మౌసును నీ మాదిరే పట్టుకున్యాది మామా" అని నవ్వేది. వాళ్ళకు పిల్లలు లేరు. ఆ దిగులు ఆమెకు ఉండేదేమో, మాతో ఎన్నడూ అనలేదు. బడి సంగతులు చెప్పేటప్పుడు మాత్రం గొంతు మారేది.

దసరా సెలవుల్లో కడుపునొప్పి అంది. ముందు ఇక్కడే చూపించాం. తగ్గలేదు. కర్నూలు తీసుకుపోతే స్కానింగు తీసి, కడుపులో గడ్డ ఉందని చెప్పి, ముక్క తీసి పరీక్షకు పంపారు. మా వాడు ఆ రోజుల్లో కర్ణాటకలో ఎక్కడో బోరు మీద ఉన్నాడు. కౌంటరులో అమ్మాయి, రిపోర్టు పంపడానికి మెయిలు ఉందా అని అడిగింది. కోడలు నోరు తెరిచేలోపే నేను నా మెయిలు ఒక్కొక్క అక్షరం చెప్పాను, గర్వంగా. కోడలు నా వైపు చూసి చిన్నగా నవ్వింది.

వారానికి, ఒక పొద్దున వచ్చింది రిపోర్టు. ఆమె పెరట్లో బట్టలు ఉతుకుతోంది. తెరిచాను. అంతా ఇంగ్లీషు. ఒక పొడుగు మాట కింద గీత గీసి ఉంది. అర్థం కాలేదు. ఆమె నేర్పినట్టే ఆ మాటను ఒక్కొక్క అక్షరం చూసి వెతికే చోట కొట్టాను. తెలుగులో అర్థం చూపించమని నొక్కాను. 'ప్రాణాంతక' అని వచ్చింది.

ఎంతసేపు కూర్చున్నానో తెలియదు. పెరట్లో బట్టలు బండకేసి కొడుతున్న చప్పుడు వినిపిస్తూనే ఉంది. లేచి, చెప్పులు వేసుకుని, ఎవరికీ చెప్పకుండా చేనికి వెళ్ళిపోయాను. మధ్యాహ్నం దాకా గట్టు మీద కూర్చుని తిరిగొస్తే అన్నం పెట్టింది.

"రిపోర్టు వచ్చినాదా మామా?"

"ఇంగా రాలే."

ఆమె అన్నం గిన్నె కింద పెట్టింది. "మామా, నువ్వు మెయిలు మూసెయ్యకుండానే పోయినావు. దుమ్ము తుడుద్దామని పోతే కనబడింది. ఆస్పత్రి మెయిలు లైను సన్నబడి ఉండాది."

నేను కంచం పక్కకు జరిపాను.

"నేను తెరిచి సూల్లేదు" అంది. "నీ మెయిలు నేను తెరవను. నువ్వు చదివినావని మాత్రం తెలిసింది. నువ్వే చెప్పు, ఏముండాది?"

చెప్పాను. ఎలా చెప్పానో నాకు గుర్తులేదు. గుర్తున్నది ఆమె అడిగింది ఒక్కటే. "అంత పెద్ద మాట తప్పు లేకుండా కొట్టినావా మామా?"

"రెండుసార్లు తప్పుబోయింది. మూడోసారి వచ్చింది" అన్నాను.

ఆమె తల ఊపింది, పాఠం అప్పజెప్పించుకున్నట్టు. తర్వాత కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్ళింది. మా ఇంటామె ఆమె వెనకే వెళ్ళింది. నేను మా వాడికి ఫోను చేశాను. వాడు లారీ అక్కడే వదిలేసి వచ్చాడు.

ఆపరేషను చేశారు. తర్వాత ఇరవై రోజులకొకసారి కర్నూలు పోయి మందు ఎక్కించుకోవడం. డాక్టరు దగ్గర కంప్యూటరులోనే ముందుగా వంతు పట్టడం, పరీక్షల కాగితాలు దింపి వరసగా పెట్టడం, అన్నీ నేనే చేశాను. మా వాడు ఆమె చెయ్యి పట్టుకుని కూర్చునేవాడు. జుట్టంతా రాలిపోయింది. బడి పిల్లలు చూడ్డానికొస్తారని తెలిసినరోజు తలకు కొత్త గుడ్డ కట్టుకుంది.

ఆస్పత్రి వార్డులో పక్క మంచం మీద ఒక ముస్లిం పెద్దాయన కూతురు ఉండేది. నేను ఫోనులో కాగితాలు తెరుస్తుంటే ఆ పెద్దాయన చూసి, "ఏమప్పా, నాగ్గూడా చూపిస్తావా? నా బిడ్డ రిపోర్టు దీంట్లోకే పంపిచ్చినామంటాండారు" అన్నాడు. ఆయన ఫోను అందుకోబోయాను. మంచం మీదనుంచి మా కోడలు సన్నటి గొంతుతో, "మామా, నువ్వు చేసియ్యొద్దు. ఆయనతోనే చేయించు" అంది. చేతులు వెనక్కు కట్టుకుని, ఎక్కడ నొక్కాలో చెబుతూ నిలబడ్డాను. ఆయనకు అరగంట పట్టింది. ఆయన తెరిచేదాకా మా కోడలు కళ్ళు మూయలేదు. "ఇంక నువ్వు సారువి మామా" అంది. ఆరోజు ఆమె ఇడ్లీ రెండు తినిందని మా ఇంటామె నలుగురికీ చెప్పుకుంది.

తర్వాత మందు పనిచేయడం మానేసింది. ఇంటికి తీసుకుపొమ్మన్నారు. బద్వేలు నుంచి వాళ్ళ అమ్మానాన్నలు వచ్చి మా దగ్గరే ఉన్నారు. చివరి వారం ఆమె మాట్లాడింది తక్కువ. ఒకసారి నన్ను పిలిచి, "మామా, మా బడి కంప్యూటర్లు దుమ్ము పట్టింటాయి. ఎవురికైనా చెప్పు" అంది. మర్నాడు నేనే పోయి తుడిచి వచ్చి చెప్పాను. విన్నదో లేదో. ఆదివారం తెల్లవారాక, మా వాడు నోట్లో నీళ్ళు పోస్తుండగా ప్రాణం పోయింది.

కర్మలన్నీ అయ్యాయి. వచ్చినవాళ్ళు వెళ్ళిపోయారు, ఆమె అమ్మానాన్నలు తప్ప. మరణ ధ్రువపత్రానికి దరఖాస్తు పెట్టాలి. మా వాడు కాగితాలన్నీ నా ముందు పెట్టి, "నాతో కాదు నాయనా. నువ్వే నింపు" అని బయటికి వెళ్ళాడు.

నిన్న మధ్యాహ్నం కూర్చున్నాను. ఆమె పేరు తప్పు లేకుండా కొట్టాను. వయసు, ఊరు, తేదీ కొట్టాను. దరఖాస్తు పెట్టేవారి పేరు దగ్గర నా పేరు కొట్టాను. దాని కింద, మరణించిన వారితో సంబంధం అని ఉంది. అక్కడ మనం రాసేది లేదు, ఉన్నవాటిలో ఒకటి ఎంచుకోవాలి. నొక్కితే కిందికి తెరుచుకుంది. భర్త. భార్య. తండ్రి. తల్లి. కొడుకు. కూతురు. చివరన, ఇతరులు.

పైనుంచి కిందికి, కిందినుంచి పైకి రెండుసార్లు చూశాను. బాణం 'తండ్రి' మీద కాసేపు ఆగింది. వాళ్ళ నాన్న మా అరుగు మీదే కూర్చుని ఉన్నాడు. బాణాన్ని మెల్లగా కిందికి జరుపుతూ వచ్చి 'ఇతరులు' మీద నిలిపాను. వేలు మీట మీదే ఉంది, నొక్కలేదు.